మొదటి స్కానింగ్‌లో గుండె కనిపించలేదా? తొందరపడకండి!

నెల తప్పిందంటే ఇంట్లో అందరికీ సంబరమే. కానీ ఇదివరకు ఒకటో రెండో కడుపులు పోయిన ఆడదానికి మాత్రం ఆ సంబరం సగమే. బాత్‌రూమ్‌కి వెళ్ళినప్పుడల్లా బట్టమీద మరకేమైనా ఉందా అని చూసుకోవడం, పొద్దున్నే లేవగానే వికారం ఉందా లేదా అని పరీక్షించుకోవడం, కిందటిసారి ఏ వారంలో పోయిందో ఆ వారం ఎప్పుడు దాటుతుందా అని క్యాలెండర్ ముందు నిలబడటం... ఇవన్నీ పడ్డవాళ్ళకే తెలుస్తాయి. అందరూ స్కానింగ్‌కి బిడ్డను చూసుకోవడానికి వెళితే, వీళ్ళు పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి వెళ్ళినట్టు చేతులు చల్లబడిపోయి వెళ్తారు.

నాకూ రెండు పోయాయి, 2002లో ఒకటి, 2003లో ఒకటి. ఆ తరువాత ఇద్దరు పిల్లలు పుట్టారనుకోండి. అందుకే మా బంధువుల్లో ఎవరికి ఇలాంటి కష్టం వచ్చినా "నువ్వు తోడు రా వదినా" అని నన్నే పిలుస్తారు. అలా ఈ ఇరవై ఏళ్ళలో స్కానింగ్ సెంటర్ల బెంచీలమీద చాలాసేపే కూర్చున్నాను. డాక్టర్లను విసిగించి అడిగినవీ, చదివి తెలుసుకున్నవీ మీకు చెప్తాను. నేను ఇంటర్ వరకు చదివిన గృహిణిని, డాక్టర్ని కాను. మీ వైద్యం మీ డాక్టరుగారి చేతుల్లోనే ఉండాలి. కానీ ఆ గదిలోకి వెళ్ళేముందే ఏ వారంలో ఏం కనబడుతుందో, ఏం కనబడదో తెలిసివుంటే సగం కంగారు తగ్గుతుంది. అంతేకాదు, తెలియక తొందరపడితే బతికున్న కడుపునే కడిగించుకునే ప్రమాదం కూడా ఉంది. ఈ వ్యాసం రాస్తున్నది ముఖ్యంగా అందుకే.

వారాల లెక్క

ముందు లెక్క సంగతి చూద్దాం. సగం గాభరా అంతా ఇక్కడే పుడుతుంది.

డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది ఆఖరి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి. అంటే నెల తప్పి, ఇంట్లో స్ట్రిప్పుతో టెస్టు చేసుకుని రెండు గీతలు చూసే రోజుకే మనకు 4 వారాలు నిండినట్టు. నిజానికి కడుపు నిలిచి అప్పటికి రెండు వారాలే! ఈ లెక్క 28 రోజులకోసారి ఠంచనుగా నెలసరి వచ్చేవాళ్ళకు చక్కగా సరిపోతుంది. వాళ్ళకు అండం 14వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది కాబట్టి.

మరి 35 రోజులకో, 40 రోజులకో వచ్చేవాళ్ళ మాటేమిటి? వాళ్ళకు అండం విడుదలే వారం, పది రోజులు ఆలస్యం. కాగితం మీద 7 వారాలున్నా లోపల పిండం వయసు ఐదున్నర వారాలే ఉండొచ్చు. పి.సి.ఒ.డి. ఉన్నవాళ్ళకీ, పాలిచ్చే తల్లులకీ ఈ తేడా వస్తుంటుంది. కడుపు పోయాక మళ్ళీ ఒక్క నెలసరైనా రాకుండానే నిలిచిందనుకోండి, ఇక లెక్కకు ఆధారమే ఉండదు.

అందుకని స్కానింగ్‌కి వెళ్ళేముందు ఒక కాగితం మీద రెండు సంగతులు రాసుకోండి. ఆఖరి నెలసరి ఏ తేదీన వచ్చింది, మామూలుగా మీకు ఎన్ని రోజులకోసారి వస్తుంది. మొదటిది అందరూ అడుగుతారు. రెండోది అడగకపోతే మీరే చెప్పండి. టెస్టులో రెండు గీతలు వచ్చిన తేదీ కూడా గుర్తుంటే మరీ మంచిది. అంతకు వారం ముందు చేసిన టెస్టులో రాలేదనుకోండి, అదీ పనికొచ్చే సంగతే.

ఏ వారంలో ఏముంటుంది?

తొలి వారాల స్కానింగ్ రెండు రకాలు. పొట్టమీద జెల్లీ రాసి చేసేది ఒకటి. సన్నటి గొట్టంలాంటి దాన్ని కిందినుంచి లోపలికి పంపి చేసేది ఇంకొకటి. దీన్ని టి.వి.ఎస్. అంటారు. ఈ రెండో దానికి మన ఆడవాళ్ళు సిగ్గుతోనూ భయంతోనూ ఒప్పుకోరు. "అది పెడితే ఉన్నది కాస్తా పోతుందేమో" అని మా ఆడపడుచు గదిలోంచి లేచి వచ్చేసింది కూడా. అలా ఏమీ పోదండీ. అది గర్భసంచిలోకి వెళ్ళదు, కింద దారిలోనే ఉంటుంది. కొంచెం ఇబ్బందిగా ఉంటుందంతే. గర్భసంచికి దగ్గరగా ఉంటుంది కాబట్టి బొమ్మ స్పష్టంగా వస్తుంది. పొట్టమీదనుంచి చేసేదానికంటే దాదాపు వారం ముందే సంగతి తెలుస్తుంది.

ఈ టి.వి.ఎస్.లో సుమారు 5 వారాలకు గర్భసంచిలో చిన్న నల్లటి గుండ్రం కనబడుతుంది. అది నీటితిత్తి. దాన్ని శాక్ అంటారు. అప్పటికి మిరియపు గింజంత ఉంటుంది. ఐదున్నర వారాలకు ఆ తిత్తిలో తెల్లటి బుల్లి ఉంగరంలాంటిది కనబడుతుంది, దాని పేరు యోక్ శాక్. అసలైన మాయ తయారయ్యేలోపు పిండానికి ఆధారం అదే. 6 వారాలు నిండే సమయానికి ఆ ఉంగరం పక్కనే పిండం, అందులో మిణుకు మిణుకుమంటూ గుండె కదలిక కనబడటం మొదలవుతుంది. అప్పుడు పిండం నాలుగైదు మిల్లీమీటర్లు, కందిపప్పు బద్దంత. అక్కణ్ణించి రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని చెప్తారు. 7 వారాలకు సుమారు 10, 8 వారాలకు 16 మిల్లీమీటర్ల దాకా వస్తుంది.

చూశారా, 5 వారాల్లో వెళ్తే గుండె కనబడదు. కనబడకూడదు కూడా! కానీ మనమేమో స్ట్రిప్పులో గీత రాగానే మర్నాడే పరిగెడతాం. ఇదివరకు పోయినవాళ్ళయితే మరీను. నొప్పిగానీ రక్తంగానీ లేకపోతే, 7 వారాలు నిండేదాకా ఓపిక పడితే ఒక్కసారికే తేలిపోయే అవకాశం ఎక్కువ. ఆ రెండు మూడు వారాలు ఎలా గడపాలో నాకు చెప్పకండి, తెలుసు. అయినా అనవసరమైన ఏడుపు ఒకటి తప్పుతుంది.

ఇంకొక మాట. మొదటి స్కానింగ్‌లో గుండె చప్పుడు వినిపించలేదని కొందరు బెంగపెట్టుకుంటారు. తొలి వారాల్లో మంచి సెంటర్లలో వినిపించరు. చప్పుడు వినిపించే డాప్లర్ పద్ధతిలో తరంగాల బలం ఎక్కువ కాబట్టి, చిన్న పిండం మీద అవసరం లేకుండా వాడకూడదని వాళ్ళ నియమం. కదలికను కంటితో చూసి, తెరమీద గీతల్లా వచ్చేదాన్ని కొలిచి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో రాస్తారు. 6 వారాల్లో 100, 110 దగ్గర మొదలై, 9 వారాలకు 170 దాకా పెరిగి, మళ్ళీ నెమ్మదిగా తగ్గుతుంది. కాబట్టి పక్కింటావిడ రిపోర్టులో 165 ఉంది, నాకు 112 ఏమిటని పోల్చుకోకండి. ఆవిడ వారం వేరు, మీ వారం వేరు.

ఈ కొలతలన్నిటికీ మూలం స్కాట్లండులోని గ్లాస్గో నగరం. ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు 1958లో కడుపులోని సంగతులు అల్ట్రాసౌండ్‌తో చూడొచ్చని ప్రపంచానికి చూపించాడు. ఆ ఊళ్ళోనే హ్యూ రాబిన్సన్ అనే ఆయన 1972లో తొలి నెలల గుండె కదలికను పట్టుకోవడం గురించి, 1973లో పిండం పొడవును కొలిచి వయసు చెప్పడం గురించి రాశాడు. మన రిపోర్టుల్లో సి.ఆర్.ఎల్. అని రాసేది ఆ పొడవే.

గదిలో ఏం జరుగుతుంది?

పొట్టమీద చేసేదైతే నీళ్ళు తాగి మూత్రం ఆపుకుని వెళ్ళాలి. టి.వి.ఎస్.కి ఖాళీ చేసుకుని వెళ్ళాలి. ఏది చేస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. లేకపోతే లీటరు నీళ్ళు తాగి గంటసేపు వేళ్ళు బిగపట్టుకు కూర్చున్నాక "వెళ్ళి రామ్మా" అంటారు! లూజుగా ఉన్న చీరో, పైజమా చుడీదారో కట్టుకుంటే సుఖం.

వెళ్ళగానే ఎఫ్ ఫారం అని ఒక కాగితం నింపిస్తారు. పేరు, ఇదివరకు ఎంతమంది పిల్లలు, స్కానింగ్ ఎందుకు అన్నీ రాసుకుని, పుట్టబోయేది ఆడా మగా తెలుసుకోవాలనుకోవడం లేదని మనచేత సంతకం పెట్టిస్తారు. 1994లో చేసి 1996 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం ప్రకారం ఇది ప్రతి సెంటర్లోనూ తప్పనిసరి. మిమ్మల్ని అనుమానించి కాదు. గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి, దానికోసం మళ్ళీ ఇంటికి పరిగెత్తే పని ఉండదు.

ఆ ఫారంలో ఇదివరకటి కాన్పుల సంగతి రాసేటప్పుడే కడుపులు పోయిన సంగతి డాక్టరుకు నోటితో కూడా చెప్పండి. "డాక్టరుగారూ, నాకు ఇదివరకు రెండు పోయాయండి. ముందు గుండె కనబడుతోందో లేదో చెప్పండి, మిగతా కొలతలు తరువాత తీసుకోండి" అని అడగడంలో తప్పేమీ లేదు. చాలామంది మంచిగానే ఒప్పుకుంటారు. ఎందుకంటే అక్కడ భరించలేనిది ఆ నిశ్శబ్దమే. డాక్టరు తెరవంక చూస్తూ మీటలు నొక్కుతూ మాట్లాడకపోతే మనకు ప్రాణం పోతుంది. ఆవిడ చెడ్డవార్త దాచిపెడుతోందని అనుకుంటాం. నిజానికి ఆ సమయంలో ఆవిడ గర్భసంచి, తిత్తి, అండాశయాలు, చుట్టుపక్కల నీరేమైనా చేరిందా అన్నీ వరుసగా చూసుకోవాలి. మామూలు కడుపుకి కూడా అంత నిశ్శబ్దమూ ఉంటుంది.

భర్తనో, తల్లినో లోపలికి రానిస్తారా అని కూడా ముందే అడగండి. కొన్నిచోట్ల రానివ్వరు. అలాంటప్పుడు తలుపు దగ్గరే ఉండమనండి. నిండు కడుపులతో ఉన్నవాళ్ళ మధ్య బెంచీమీద గంటలు కూర్చోవడం కష్టమైతే, పొద్దున్నే మొదటి నంబరు తీసుకోవడం మేలు.

"ఇప్పుడే చెప్పలేం" అన్నారా?

స్కానింగ్ అంటే అవునో కాదో తేలిపోతుందని మనం అనుకుంటాం. కానీ తొలి వారాల్లో మూడో జవాబు కూడా ఉంది. "ఇప్పుడే చెప్పలేం, మళ్ళీ రండి." నూటికి నూరుపాళ్ళూ నిజాయితీ అయిన జవాబు అదే. కానీ అదే మనకు అన్నిటికంటే భయంకరంగా వినబడుతుంది.

మా అక్కగారి అమ్మాయి సంగతి చెప్తాను. రెండు పోయాక 2022లో మూడోసారి నెల తప్పింది. లెక్కప్రకారం సరిగ్గా 7 వారాలకు స్కానింగ్ చేయించారు. తిత్తి 10 మిల్లీమీటర్లు ఉంది, లోపల ఉంగరం ఉంది, పిండం లేదు. అక్కడి లేడీ డాక్టరు రిపోర్టు చూసి, "ఇదీ పెరగడం లేదమ్మా, రేపు పొద్దున ఏమీ తినకుండా వచ్చి అడ్మిట్ అవ్వండి, శుభ్రం చేసేద్దాం" అన్నారు. అల్లుడు డబ్బు సర్దడానికి బయల్దేరాడు. అమ్మాయి నాకు ఫోన్ చేసి, "పిన్నీ, మళ్ళీ అదే" అంది. అంతే, ఇంకేమీ మాట్లాడలేదు.

దానికి చిన్నప్పట్నుంచీ 38, 40 రోజులకోసారి నెలసరి. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, బిడియంతో ఇది చెప్పలేదు. మర్నాడు అడ్మిట్ అవకుండా రిపోర్టు తీసుకుని ఇంకొక డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాం. ఆవిడ కాగితం మీద లెక్కవేసి, "దీనికి ఐదున్నర వారాలే అయ్యుంటాయి. ఐదున్నర వారాలకు ఉండాల్సిందే ఉంది. రక్తం, నొప్పి లేకపోతే 11 రోజులాగి రండి" అన్నారు. ఆ 11 రోజులు మా అక్క దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. అమ్మాయి మాత్రం వంటింట్లో పని చేసుకుంటూ తిరిగింది. 12వ రోజున వెళ్తే పిండం 11 మిల్లీమీటర్లు, గుండె నిమిషానికి 136! ఆ పిల్లే ఇప్పుడు మా ఇంటికి వస్తే పోపులడబ్బా అంతా ఒలకబోసి పోతుంది.

ఆవిడ చెప్పిన 11 రోజులు నోటికొచ్చిన అంకె కాదు. దీనికి నిపుణులు పెట్టుకున్న కొలతలున్నాయి. టి.వి.ఎస్.లో పిండం పొడవు 7 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉండి కూడా గుండె కదలిక లేకపోతేనే కడుపు పోయినట్టు చెప్పాలి. పిండమే కనబడకపోతే తిత్తి సగటు కొలత 25 మిల్లీమీటర్లు దాటివుండాలి. అంతకంటే తక్కువైతే తీర్పు చెప్పకూడదు, మళ్ళీ చూడాలి. తిత్తి, ఉంగరం కనబడిన రోజునుంచి 11 రోజులకు, ఉంగరం కూడా లేకుండా ఉత్త తిత్తే కనబడితే 14 రోజులకు చూసి, అప్పటికీ గుండె కదిలే పిండం లేకపోతే ఇక నమ్మాలి. ఇదివరకు బ్రిటన్‌లో తిత్తికి 20, పిండానికి 6 మిల్లీమీటర్లు చాలనేవారు. బతికున్న కడుపులు కూడా పొరబాటున పోయే ప్రమాదం ఉందని గమనించి 2011లో ఈ కొలతలు పెంచారు. 2013లో అమెరికా నిపుణులు కూడా ఇవే కొలతలు రాశారు.

కాబట్టి మొదటి స్కానింగ్‌లోనే "పోయింది" అంటే మీరు అడగవలసినవి ఇవి. పిండం ఎన్ని మిల్లీమీటర్లు? తిత్తి ఎన్ని మిల్లీమీటర్లు? టి.వి.ఎస్. చేశారా, పొట్టమీద చేశారా? నా నెలసరి ఆలస్యంగా వస్తుంది కదా, ఆ లెక్క చూశారా? వారం, పది రోజులాగి మళ్ళీ చూస్తే నాకేమైనా ప్రమాదమా? ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరే మనకు కావలసిన డాక్టరు. కడిగించుకోవడం, మాత్రలు వేసుకోవడం రెండోసారి చూశాక కూడా చేసుకోవచ్చు. ఒకసారి చేసేశాక మాత్రం వెనక్కి తెచ్చుకోలేం.

అలాగని ఆగిన ప్రతివాళ్ళకూ మంచే జరుగుతుందని నేను చెప్పను. మా వీధిలో ఒకమ్మాయి ఇలాగే రెండు వారాలాగి వెళ్తే తిత్తి ఎక్కడున్నది అక్కడే ఉంది. చాలా ఏడ్చింది. కానీ తరువాత నాతో అన్నమాట, "ఆగి చూశాను కాబట్టి ఆంటీ, నేనే తొందరపడ్డానేమో అన్న బాధ మాత్రం లేదు." నాకు ఆ మాట చాలా రోజులు మనసులో ఉండిపోయింది.

ఆగకూడని సందర్భం

ఒకటుంది, జాగ్రత్తగా చదవండి. టెస్టులో కడుపని వచ్చింది, స్కానింగ్‌లో గర్భసంచి ఖాళీగా ఉంది. ఇది మరీ తొందరగా వెళ్ళడం వల్ల కావచ్చు. కానీ పిండం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచి కూడా ఉండొచ్చు. అప్పుడు రెండు రోజుల తేడాతో బీటా హెచ్.సి.జి. అనే రక్తపరీక్ష రెండుసార్లు చేయించి, అది పెరుగుతున్న తీరు చూస్తారు. ఇంటికి పంపినా సరే, పొత్తికడుపులో ఒక పక్క పోటు, భుజం చివర నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, ఎక్కువ రక్తం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. "తెల్లారాక చూద్దాంలే" అనుకోకూడదు. ట్యూబు పగిలితే ప్రాణానికే ముప్పు.

ఎర్రమరక, మందులు, విశ్రాంతి

తొలి నెలల్లో కొంచెం ఎర్రమరక కనబడినంత మాత్రాన కడుపు పోయినట్టు కాదు. చాలామందికి కనబడి ఆగిపోతుంది. స్కానింగ్‌లో తిత్తి పక్కన కొంచెం రక్తం గూడుకట్టిందని రాస్తారు కొందరికి. గుండె కొట్టుకుంటూ ఉంటే అది చాలావరకు దానంతటదే కరిగిపోతుంది. కానీ మరక కనబడితే డాక్టరుకు చెప్పాల్సిందే.

ప్రొజెస్టిరాన్ మాత్రల గురించి అందరూ అడుగుతారు. బ్రిటన్‌లో నాలుగువేల మందికి పైగా గర్భిణుల మీద చేసిన పెద్ద పరిశీలన ఫలితాలు 2019లో వచ్చాయి. ఇదివరకు కడుపు పోయి, ఈసారి కూడా తొలి నెలల్లో రక్తం కనబడినవాళ్ళకు ఆ మందు వల్ల కొంత మేలు కనబడింది. మూడు, అంతకుమించి పోయినవాళ్ళకు ఇంకాస్త ఎక్కువ. 2021లో అక్కడి ప్రభుత్వ వైద్య సలహాల్లో కూడా దీన్ని చేర్చారు. కాబట్టి మీకది పనికొస్తుందా అని అడగండి. మందులషాపులో మీరే కొనుక్కోవద్దు. ఫోలిక్ యాసిడ్, థైరాయిడ్ మాత్రలు వాడుతుంటే వాంతులని చెప్పి మానొద్దు.

మంచం దిగకుండా పడుకోవడం వల్ల కడుపు నిలుస్తుందనడానికి ఆధారం లేదంటారు డాక్టర్లు. డాక్టరుగారు ప్రత్యేకంగా చెప్తే సరే. లేకపోతే ఇంట్లో మామూలు పనులు చేసుకోవచ్చు. బిందెలు మోయడం, బట్టల బకెట్లు మేడమీదికి ఎక్కించడం ఇంట్లో మగవాళ్ళు చేస్తే వాళ్ళ చేతులేమీ అరిగిపోవు!

అత్తగార్లూ, తల్లులూ ఇది చదవాలి

పోయినప్పుడు మన ఇళ్ళల్లో విచారణ మొదలవుతుంది చూడండి. "బొప్పాయి తిన్నావా? స్కూటరెక్కావా? ఆ రోజు మెట్లు దిగొద్దంటే విన్నావా?" ఏదో ఒకటి దొరికేదాకా వదలరు. తెలిసిన కడుపుల్లో నూటికి పది పదిహేను తొలి నెలల్లోనే పోతాయి. అందులో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల తేడావల్లే పోతాయని డాక్టర్లు చెప్తారు. ఆ తేడా కడుపు నిలిచిన మొదట్లోనే వచ్చేస్తుంది. ఆ పిల్ల తిన్న తిండికీ, ఎక్కిన మెట్లకీ దానితో సంబంధం లేదు.

రెండో మూడో పోతే ఆ అమ్మాయిని నిలదీసే బదులు డాక్టరు దగ్గర అడగవలసిన పరీక్షలున్నాయి. థైరాయిడ్, షుగరు, రక్తం గడ్డకట్టే గుణం పెంచే ఎ.పి.ఎల్.ఎ. యాంటీబాడీలు, గర్భసంచి ఆకారం. ఒక్కోసారి భార్యాభర్తలిద్దరికీ క్రోమోజోముల పరీక్ష. ఇద్దరికీ అని ఎందుకు చెప్తున్నానంటే, మగపిల్లవాడి తరపువాళ్ళు ఈ మాట దగ్గరే ఫోన్ పెట్టేస్తారు. రక్తం నెగటివ్ గ్రూపు అయినవాళ్ళు, కడుపు పోయినప్పుడు ఇంజక్షన్ అవసరమా అని తప్పక అడగాలి.

మూడో నెల నిండేదాకా బయట చెప్పకూడదన్న ఆచారం మనకుంది. దిష్టి తగులుతుందని పెద్దవాళ్ళు అంటారు. ఊరంతా చెప్పాక పోతే అందరికీ మళ్ళీ మళ్ళీ చెప్పుకోవలసి వస్తుంది కాబట్టి ఆ ఆచారం నాకు నచ్చుతుంది. కానీ మరీ ఎవరికీ చెప్పకపోతే, జరగరానిది జరిగినప్పుడు ఒళ్ళో తలపెట్టుకుని ఏడవడానికి కూడా ఎవరూ ఉండరు. ఒకరికో ఇద్దరికో చెప్పుకోండి. స్కానింగ్ రోజున ఇంటికి రాగానే పదిమంది ఫోన్లు చేయకుండా, "నేనే చెప్తాను, అంతవరకు అడగొద్దు" అని ముందే చెప్పేయండి.

1984లో నార్వేలో ఒక పరిశీలన వచ్చింది. కారణం తెలియకుండా వరసగా కడుపులు పోయిన ఆడవాళ్ళలో కొందరిని డాక్టర్లు వారంవారం పిలిచి చూశారు, ధైర్యం చెప్పారు, మందులేమీ ఇవ్వలేదు. వాళ్ళలో నూటికి 86 మందికి కాన్పులు నిలిచాయి. మామూలుగా వదిలేసినవాళ్ళలో 33 మందికే. అది చిన్న పరిశీలన, అంత పక్కాగా చేసినది కాదని ఇప్పటివాళ్ళు అంటారు. అయినా ధైర్యం చెప్పడానికి ఖర్చేమీ లేదు కదా!

గుండె కనబడ్డాక

గుండె కొట్టుకుంటోందని చెప్పగానే భయం ఎగిరిపోతుందనుకుంటాం. ఒక రోజు ఉంటుంది ఆ ధీమా. మర్నాడు వికారం తగ్గితే మళ్ళీ మొదలు. వేవిళ్ళు రోజూ ఒకేలా ఉండవు. కొందరికి అసలు ఉండవు. వాటిని చూసి కడుపు సంగతి తేల్చుకోలేం. గుండె కనబడ్డాక కడుపు నిలిచే అవకాశం బాగా పెరుగుతుంది. 6 వారాల్లో కనబడినదానికంటే 8 వారాల్లో కూడా కనబడితే ఇంకా ధైర్యం. అందుకే ఇదివరకు పోయినవాళ్ళకు కొందరు డాక్టర్లు రెండు వారాలకోసారి చూస్తామంటారు. అంతకుమించి ఊరికే భయమేసినప్పుడల్లా వెళ్ళడం డబ్బు దండగ. ఆ తరువాత ముఖ్యమైన స్కానింగ్ 11 నుంచి 14 వారాల మధ్య ఉంటుంది, ఎన్.టి. స్కాన్ అంటారు. తేదీ అప్పుడే రాయించుకోండి. ఖర్చు భారమనుకునేవాళ్ళకు, నాలుగో నెల నుంచి ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే పథకం 2016 నుంచి ఉంది. మీ ఆశా కార్యకర్తను అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెప్తుంది.

రిపోర్టులన్నీ తేదీలవారీగా ఒక ఫైల్లో పెట్టండి, పోయినవాటివి కూడా పారేయొద్దు. కొత్త డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు అవే మాట్లాడతాయి. స్కానింగ్ బొమ్మ ఇచ్చే నున్నటి కాగితం మాత్రం వేడి తగిలితే నల్లబడుతుంది, ఏళ్ళు గడిస్తే వెలిసిపోతుంది. లామినేషన్ చేయించకండి. ఇంటికి రాగానే సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి, దాన్ని విడిగా ప్రింటు వేయించుకోండి.